కెమెరా ఎక్కడుందో గ్రూపులో పెట్టుడు బంద్ చెయ్యండి

జీతాల బాకీల సంగతి, పర్మిట్ రెన్యువల్ సంగతి ఈ వారం బులెటిన్‌లో వేరే అన్నలు రాస్తున్నారు. నాకు ఇచ్చిన జాగాలో నేను గొడవ సంగతి రాస్తున్న. చదివినంక నన్ను తిట్టేటోళ్లు ఉంటారని తెలుసు. పూర్తిగా చదివి తిట్టండి.

పోయిన మంగళవారం పొద్దున, ఆరుకు పది నిమిషాలు తక్కువ ఉండంగ, మన గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. "మెనోరా టన్నెల్ దాటినంక కెమెరా పెట్టిండ్రు, జర చూసుకోండ్రి." దాని కింద ఇరవై ఆరు మంది బొటనవేలు పెట్టారు. కొందరు దండం బొమ్మలు కూడా పెట్టారు, దేవుడు ప్రత్యక్షమైనట్టు. నేను కూర్చుని ఆ పేర్లు ఒక్కొక్కటి చూసిన. ఇరవై ఆరులో బండి నడిపేటోళ్లు నలుగురు. మిగతా ఇరవై ఇద్దరు వెనక సీట్లో కూర్చునేటోళ్లు.

డ్రైవర్ సంబరపడ్డాడంటే అర్థం ఉంది, సమన్ తప్పింది. వెనక కూర్చున్నోడు దేనికి సంబరపడ్డట్టు? కెమెరా లేని కాడ బండి ఎగిరిపోతుంటే, ఆ బండిలో ఉన్నది ఆయన పానమే కదా.

మెసేజ్ పెట్టిన తమ్ముడి పేరు రాయను. ఆయన డ్రైవర్ కాదు, సెంట్రింగ్ పని చేస్తాడు. వ్యాన్‌లో ముందు సీట్లో కూర్చుని, ఫోన్‌లో వేజ్ చూస్తూ, "అన్నా కెమెరా, అన్నా పోలీస్" అని చెప్పుడు ఆయన డ్యూటీ. ఆ డ్యూటీ చేస్తాడు కాబట్టే ఆయనకు ముందు సీటు. మిగతావాళ్లు వెనక పార, గమేళా, డ్రిల్ మిషన్ల మధ్య కాళ్లు ముడుచుకుని కూర్చుంటారు. మన సైట్ వ్యాన్లు అన్నిట్లో ఇట్లాంటి తమ్ముడు ఒకడు ఉన్నాడు. నా వ్యాన్‌లో కూడా ఉండె.

రాసేముందు డ్రైవర్ల మాట వినకుండా రాయొద్దని, వారం రోజులు అడిగిన. మన వ్యాన్లు, లారీలు నడిపేది ఎక్కువగా ఇక్కడి తమిళ అన్నలు, మలాయ్ అబాంగులు. బాగన్ దాతో వైపు నుంచి వచ్చిన మన పాత తెలుగోళ్ల పిల్లలు కూడా ఇద్దరు ముగ్గురు ఉన్నారు, వాళ్ల తాతలు ఎస్టేట్లకు వచ్చినోళ్లు. తే తారిక్ తాపిచ్చి ఒక్కొక్కరిని అడిగిన, కెమెరా మీద నీ కోపం ఏంది అన్నా అని. చెప్పింది చెప్పినట్టు రాస్తున్న. సర్కారు పైసలు గుంజుకోడానికి పెట్టింది అన్నారు. 110 అనేది పాత లెక్క, ఇప్పటి బండ్లకు అది నడక లెక్క అన్నారు. కెమెరా చూసి అందరూ ఒక్కసారి బ్రేక్ కొడితే అదే యాక్సిడెంట్ అన్నారు. ఒక పెద్దాయన మాత్రం గ్లాసు కింద పెట్టి, "తమ్ముడూ, స్పీడు నా కాలిలో లేదు, నీ టౌకే గడియారంలో ఉంది" అన్నాడు. ఈ చివరి మాట నాకు సూటిగా తగిలింది. దాని కాడికి తర్వాత వస్తా.

ముందు పైసల సంగతి. ఇది ఉత్తగా పుట్టిన అనుమానం కాదు. 2012 సెప్టెంబర్‌లో ఏఈఎస్ అని ఆటోమేటిక్ కెమెరాలు మొదలుపెట్టినప్పుడు మొదటి విడత 14 చోట్ల పెట్టారు, మన పెరాక్‌లో కూడా పెట్టారు. నడిపే పని రెండు ప్రైవేటు కంపెనీలకు ఇచ్చారు. సమన్‌కు ఇంత అని వాళ్లకు ముడుతుందని తెలిసి జనం మండిపడ్డారు. సమన్ ఒక్కటి 300 రింగిట్లు. కంపెనీకి మన తప్పులోనే లాభం ఉంటే, తప్పులు తగ్గాలని ఆ కంపెనీ ఎందుకు కోరుకుంటది? ఆ కోపం న్యాయమైన కోపమే. తర్వాత ఆ వ్యవస్థ ప్రైవేటోళ్ల చేతి నుంచి తీసుకున్నారు, 2017లో అవాస్ అని పేరు మార్చి, కేజారా డీమెరిట్ పాయింట్లు దానికి కలిపారు. ఇప్పుడు అవాస్ చూసేది జేపీజే. పోలీసోళ్ల కెమెరాలు వేరే.

డిస్కౌంట్ల సంగతి కూడా ఉంది. మన ఊర్ల కాడ 2022 మార్చిలో తెలంగాణ పోలీసోళ్లు పెండింగ్ చలాన్ల మీద తగ్గింపు ఇస్తే, టూవీలర్లకు 75 శాతం పోయింది. 2023 చివర్లో మళ్లా ఇచ్చారు. ఇక్కడ కూడా ఇన్నేండ్లు అదే తంతు, పండుగకో, పోలీస్ దినానికో సగం ధర. సంతలో బట్టల లెక్క. అట్ల ఇస్తే జనం ఏం నేర్చుకుంటారు? ఇప్పుడు కట్టకు, డిస్కౌంట్ వచ్చేదాకా ఆగు అని నేర్చుకుంటారు. ఈ 2026 జనవరి నుంచి ఇక్కడ పద్ధతి మార్చారు: పదిహేను రోజుల్లో కడితే సగం, నెల లోపు అయితే మూడో వంతు తగ్గింపు, ఆ తర్వాత పూర్తిగా. నన్నడిగితే ఇది కొంచెం నయం.

కానీ పైసల కోసం పెట్టారన్న మాట నిజమే అనుకుందాం. ఆ పైసలు ఎగ్గొట్టే ఉపాయం లేదా? ఉంది, చానా తేలిక. బోర్డు మీద ఎంత రాసి ఉంటే అంతలో పో. ఒక్క సెన్ కూడా ఇవ్వక్కరలేదు. సర్కారును దివాళా తీయించే దారి ఇంత సులువుగా ఉంటే, గ్రూపులో గూఢచారి పని ఎందుకు?

కట్టని సమన్ల సంగతి ఒకటి చెప్తా. 2007 ఆగస్టు 13న మన ఇపోకు దగ్గరలోనే, బుకిట్ గంతాంగ్ కాడ ఇదే ప్లస్ హైవే మీద ఎక్స్‌ప్రెస్ బస్సు లోయలో పడింది. ఇరవై మందికి పైగా పోయారు, డ్రైవర్ కూడా పోయాడు. తర్వాత పేపర్లలో వచ్చింది ఏందంటే, ఆ డ్రైవర్ మీద అప్పటికే కట్టని సమన్లు ఉన్నాయి. అంటే ముందే చాలాసార్లు చెప్పింది రోడ్డు. ఆ కాయితాలు ఏదో బీరువాలో ఉన్నాయి, బస్సు రోడ్డు మీద ఉంది. నేను అప్పటికి ఈ దేశం రాలేదు, కొత్తలో నాకు ఈ ముచ్చట చెప్పింది మా పాత మండోర్. ఆ వంపు కాడికి రాగానే ఆయన మాట్లాడుడు ఆపేసేటోడు.

ఇక 110 పాత లెక్క అన్న మాట. జర్మనీల లిమిట్ లేదంట కదా అని ఒక తమ్ముడు అడిగాడు. అక్కడ కొన్ని రోడ్ల మీద లేదు నిజమే. ఆ రోడ్ల మీద పోయేది ఏ బండ్లు, ఏ టైర్లు? మన బండి ఏంది? పదిహేనేండ్ల కింద కొన్న వ్యాను, పదమూడు మంది మనుషులు, వెనక రెండు బస్తాల సిమెంటు, రీట్రెడ్ టైర్లు. 110 అనేది మంచి ఎండలో, మంచి కారుకు, హైవే మీద ఎక్కువలో ఎక్కువ లిమిట్. బస్సుకు 90. టన్నెల్ దిగి జెలాపాంగ్ వైపు వచ్చే వాలులో బోర్డు 80 చూపిస్తది. ఆ వాలులో లారీల బ్రేకులు కాలిన వాసన మీలో ఎంతమందికి తెలుసో నాకు తెలుసు.

మా సేఫ్టీ ఆఫీసర్ ఒకరోజు పొద్దున టూల్‌బాక్స్ మీటింగ్‌లో బోర్డు మీద ఒక లెక్క వేసి చూపించాడు. నేను పదో తరగతి చదివినోణ్ని, నాకు కూడా అర్థమైంది, మీకూ అయితది. 80 స్పీడులో పోయే బండి గోడకు గుద్దుకుంటే, లోపల మనిషికి తగిలే దెబ్బ ఎంత? 25 మీటర్ల పైనుంచి కింద పడ్డంత. అంతస్తుకు మూడు మీటర్లు వేసుకుంటే ఎనిమిది అంతస్తులు. అదే 110 అయితే? 80కి 110కి తేడా ముప్పయ్యే కదా, పది అంతస్తులో పదకొండో అనుకున్న నేను. కాదు. 47 మీటర్లు దాటుతది, పదిహేను అంతస్తుల పైన. స్పీడు కొంచెం పెరిగితే దెబ్బ రెండింతలు పెరుగుతది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పేది ఇదే తీరు మాట: సగటు స్పీడు ఒక్క శాతం పెరిగితే చావు యాక్సిడెంట్లు నాలుగు శాతం పెరుగుతాయి.

ఇప్పుడు ఆలోచించండి. రెండో అంతస్తు స్లాబ్ అంచున సేఫ్టీ బెల్ట్ లేకుండా నిలబడితే నేను మిమ్మల్ని అరిచి కిందికి దింపుతా. మీరు కూడా పక్కనోన్ని తిడతారు, "ఒరేయ్ బెల్ట్ పెట్టుకో, పిల్లలున్నోనివి" అని. అదే మనిషి పనయినంక పదిహేనో అంతస్తు లెక్క పోయే వ్యాన్‌లో, సీటు కూడా లేకుండా, టూల్ పెట్టె మీద కూర్చుని రీల్స్ చూస్తడు. సైట్‌లో అంచు కనబడుతది, వ్యాన్‌లో అంచు కనబడది. తేడా గంతే.

బ్రేక్ సంగతి చెప్పినోళ్ల మాటలో నిజం ఉంది. కెమెరా కాడ 80, దాటినంక 130, ఇది నేను కూడా రోజూ చూస్తున్న. అందుకే రెండు చోట్ల టైము చూసి, మధ్యలో సగటు స్పీడు లెక్కగట్టే పద్ధతి తెస్తామని రవాణా మంత్రి ఆంథోనీ లోక్ 2025లో చెప్పారు. అది వస్తే కెమెరా ఎక్కడుందో తెలిసినా లాభం లేదు, దారి పొడవునా లిమిట్‌లోనే పోవాలె. డ్రైవర్ అన్నలు దీన్ని తిడుతున్నారు. నేనైతే జల్ది రావాలని కోరుకుంటున్న. మీరు చెప్పిన బ్రేక్ బాధకు మందు అదే కదా, మళ్లా మందు చేదుగా ఉందంటే ఎట్ల?

ఇక గడియారం సంగతి. ఆ పెద్దాయన అన్న మాట.

ఇపో నుంచి కువాలా కాంగ్సార్ వైపు సైటుకు యాభై కిలోమీటర్లు అనుకోండి. 110లో పోతే ఇరవై ఏడు నిమిషాలు. 130లో పోతే ఇరవై మూడు. పానం మీదికి తెచ్చుకుని మిగిలించేది నాలుగు నిమిషాలు. కేఎల్ దాకా 200 కిలోమీటర్లు పోయినా మిగిలేది పదిహేడు నిమిషాలు, అది కూడా టోల్ కాడ, ట్రాఫిక్‌లో పోతది. మరి ఈ నాలుగు నిమిషాలు ఎవరికి కావాలె? డ్రైవర్‌కు కావాలా? ఆయనకు ట్రిప్పుకు ఇంత అని ఇస్తారు. ఒక్కడే డ్రైవర్ మూడు సైట్లకు మనుషుల్ని దింపాలె. మూడో సైటు వాళ్లు ఎనిమిదికి హాజరు పడకపోతే సగం రోజు కోత. అందుకే మూడో సైటు తమ్ముళ్లు కూడా "పోనియ్ అన్నా పోనియ్" అంటారు. కోత టౌకే పెట్టిండు, సమన్ డ్రైవర్‌కు వచ్చింది, దెబ్బ వెనకోడికి తగిలింది. ముగ్గురిలో కెమెరాకు దొరికేది ఒక్క డ్రైవర్. ఇది అన్యాయమని ఒప్పుకుంటున్న. కానీ ఈ అన్యాయం మీద కోపంతో కెమెరాను తిడితే టౌకే నవ్వుకుంటడు.

టౌకే ఒక్కడే కాదు, మేం సూపర్‌వైజర్లం కూడా ఉన్నాం. మిక్సర్ లారీ ప్లాంట్ నుంచి బయల్దేరినంక కాంక్రీట్ ఎక్కువసేపు ఆగదు. గంటన్నర, రెండు గంటల్లో పోసేయాలె, లేకుంటే గట్టిపడుతది. అందుకని స్లాబ్ రోజు నేను ఏం చేసేటోన్ని? పది నిమిషాలకోసారి డ్రైవర్‌కు ఫోన్. "ఎక్కడున్నవ్? ఇంకా అక్కడనే ఉన్నవా? పంపు ఆగిపోయింది, మనుషులు ఖాళీగ కూర్చున్నరు." ఆయన స్టీరింగ్ పట్టుకుని, ఇంకో చేత్తో ఫోన్ పట్టుకుని, వెనక ఆరేడు క్యూబిక్ మీటర్ల బరువు తిరుగుతుంటే నాకు జవాబు చెప్పాలె. కంకర లారీకి కూడా అంతే. రెండో ట్రిప్పు పన్నెండు లోపల పడాలె అంటాం.

2025 మే 13న తెలుక్ ఇంతాన్ కాడ కంకర లారీ వచ్చి ఎఫ్‌ఆర్‌యూ పోలీసోళ్ల ట్రక్కును గుద్దింది. తొమ్మిది మంది పోయారు. తెలుక్ ఇంతాన్‌లో చిత్తిరై పండుగ బందోబస్తు చేసి ఇపోకు తిరిగి వస్తున్నోళ్లు. నెల తిరగకుండా జూన్ 9న అర్ధరాత్రి దాటినంక గెరిక్ కాడ బస్సు బోల్తా పడి తంజుంగ్ మాలిమ్ యూనివర్సిటీ పిల్లలు పదిహేను మంది పోయారు. రెండూ మన పెరాక్‌లోనే. ఆ తర్వాతనే పెద్ద బండ్లకు స్పీడ్ లిమిటర్ తప్పనిసరి అని, అక్టోబర్ 1 నుంచి విడతలవారీగా మొదలుపెట్టారు. ఆ నవంబర్ 3న మన చేవెళ్ల కాడ కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సు మీదికొచ్చింది, పందొమ్మిది మంది. ఆ రోజు కొంగ్సీలో ఎవ్వరం సరిగ్గా తినలేదు, తాండూరు, వికారాబాద్ వైపు తమ్ముళ్లు ఇండ్లకు ఫోన్లు చేస్తనే ఉన్నారు.

ఈ యాక్సిడెంట్లకు కారణాలు వేరే వేరే, ఒక్కదాన్ని చూసి ఇంకోటి చెప్పను. బ్రేకులు, స్టీరింగ్, ఓవర్‌లోడ్, నిద్ర, రోడ్డు, అన్నీ ఉంటాయి. నాకు నిద్ర పట్టనియ్యని ముచ్చట వేరే ఉంది. లారీలో ఉన్నది కంకర. కంకర ఎవరికి పోతది? మా అసుంటోళ్ల సైటుకే. ఆ డ్రైవర్‌కు వెనక నుంచి ఎవడన్నా ఫోన్ చేస్తుండెనా అన్నది నాకు తెలువది. నేను ఎన్ని ఫోన్లు చేసిననో మాత్రం తెలుసు.

ఇప్పుడు నా సంగతి చెప్తా. చాలామందికి తెలియదు.

నాలుగేండ్ల కింద వేరే కాంట్రాక్టర్ కాడ ఉండంగ, ఒక సాయంత్రం సైటు నుంచి ఇపోకు వస్తున్నం. వాన. టన్నెల్ దాటి వాలు దిగుతున్నం. నేను ముందు సీట్లో ఉన్న. నా పక్కన వేజ్ చూసే తమ్ముడు. బోర్డు మీద 80, మీటర్ 115 చూపిస్తున్నది. ఏడు గంటలకు టౌకే మీటింగ్ పెట్టిండు. నేను డ్రైవర్‌తో అన్న మాట ఇప్పటికీ యాదికుంది. "ఇయ్యాల కెమెరా లేదన్నా, పోనియ్." గ్రూపులో ఎవరో పెట్టారు ఆ రోజు కెమెరా లేదని. అది చూసి చెప్పిన.

టైరు పగిలిందో, నీళ్ల మీద జారిందో నాకు తెల్వదు. బండి అడ్డం తిరిగి రెయిలింగ్‌కు గుద్దుకుని పక్కకు పడింది. ముందు కూర్చున్న మాకు బెల్టులు ఉన్నాయి, గీతలతో బయటపడ్డం. వెనక టూల్ పెట్టె మీద కూర్చున్న నిజామాబాద్ తమ్ముడికి తుంటి విరిగింది. ఇరవై నాలుగేండ్లు. డ్రిల్ మిషన్ ఆయన మీద పడి ఉంది. దాన్ని తీసింది నేనే.

ఆస్పత్రిలో ఉండంగ తెలిసింది, ఆ కాంట్రాక్టర్ ఆ తమ్ముడి పేరు పెర్కెసోలో కట్టనే లేదని. 2019 జనవరి నుంచి మన అసుంటి పరాయి దేశం పనోళ్లకు కూడా పెర్కెసో కట్టాలె, పనికి పోయే దారిలో, వచ్చే దారిలో జరిగిన యాక్సిడెంట్ కూడా దానికిందికే వస్తది. కట్టి ఉంటే ఆ తమ్ముడికి కొంత ఆసరా ఉండేది. మేం చందాలు వేసి పంపినం. ఇప్పుడు ఊర్లో కర్ర పట్టుకుని నడుస్తడు, వాళ్ల బావ కిరాణం కొట్టులో కూర్చుంటడు. నన్ను ఒక్క మాట అనలే. దసరాకు ఫోన్ చేస్తే, "అన్నా బాగున్నవా, కాలు నొప్పి తగ్గిందా" అని నా మోకాలు గురించి అడుగుతడు. నాది ఆనాడు గీసుకుపోయిన మోకాలు.

ఆ రోజు కెమెరా ఉండి ఉంటే బండి 80లో ఉండేది. ఆ కెమెరా ఉన్నదని గ్రూపులో పెట్టి ఉంటే కూడా అక్కడిదాకా 80లో ఉండేది అంటారేమో. దాటినంక? మన మెసేజ్ చెప్పేది స్పీడు తగ్గించమని కాదు. ఎక్కడ తగ్గించాలె, ఎక్కడ తగ్గించక్కరలేదు అని చెప్పుతది. ఆ రోజు నేను చదివింది రెండో భాగం.

అడ్మిన్ అన్నలకు నేను రాసి ఇచ్చిన, ఇగ నుంచి కెమెరా మెసేజులు తీసేయమని. యాక్సిడెంట్ అయింది, రోడ్డు మీద నీళ్లున్నాయి, చెట్టు పడింది, పొగమంచు ఉంది, అవి పెట్టండి, వెంటనే పెట్టండి. కెమెరా, పోలీస్ మాత్రం వద్దు. దీనికి కొందరు ఒప్పుకోలేదు. "డ్రైవర్ కూడా కూలోడే, ఆయన 300 రింగిట్లు కాపాడుడు మన సంఘం పని కాదా?" అని ఒకన్న అడిగిండు. మంచి ప్రశ్న. 300 రింగిట్లు చిన్న మొత్తం కాదు, నాకు తెలుసు, ఇంటికి పంపే పైసలు అవి. కానీ వాటిని కాపాడే చోటు టౌకే టేబుల్ కాడ ఉంది. ఎనిమిదికి హాజరు అంటే ఎన్నింటికి వ్యాన్ కదలాలె, ఆ టైము కాయితం మీద రాయించండి. ఆ టైముకు మనుషులు లేట్ చేసి, అది కవర్ చేయడానికి డ్రైవర్ స్పీడు పోతే తప్పు మనది. టైము సరిపోదని ముందే చెప్పినా మూడు సైట్లు ఒక్క బండికే పెడితే ఆ సమన్ టౌకే కట్టాలె. డ్రైవర్ జీతంలో కోసుడు కాదు. దీని మీద సంఘం తరఫున మాట్లాడదామంటే నేను ముందు నిలబడుతా, డ్రైవర్ అన్నలు వెనక వస్తే చాలు.

వెనక సీటు తమ్ముళ్లు నన్ను అడిగేది నాకు తెలుసు. "నోరు తెరిస్తే రేపటి సంది వ్యాన్‌లో జాగా ఉండదన్నా." ఒక్కడు తెరిస్తే ఉండదు, నిజం. పదమూడు మందిలో ఆరుగురు ఒకేసారి "అన్నా, జర మెల్లగ" అంటే ఆరుగురిని దింపేసే డ్రైవర్ లేడు, సైట్‌లో మనుషులు కావాలె కదా. గట్టిగ అడగక్కరలేదు. తమిళ అన్నయితే "అణ్ణే, మెదువా" అనండి, మలాయ్ అబాంగ్ అయితే "పెర్లహాన్ సికిట్, బాంగ్" అనండి. మర్యాదగా అంటే వింటారు. వినకపోతే బండి నంబరు, టైము, సైటు పేరు నాకు పర్సనల్‌గా పంపండి. మీ పేరు బయటికి రాదు.

కప్చాయ్ మీద పనికి పోయే తమ్ముళ్లకు కూడా ఇది సంబంధం లేని ముచ్చట కాదు. ప్లస్ మీద బైకులకు టోల్ లేదు కాబట్టి మనోళ్లు చాలామంది హైవే మీదనే పోతారు. ఈ దేశంలో ఏటా రోడ్ల మీద ఆరు వేల మందికి పైగా పోతుంటే అందులో సగానికి పైగా బైకుల మీద ఉన్నోళ్లే. వాన్ని గుద్దే వ్యాన్‌కు కెమెరా ఎక్కడుందో చెప్పింది ఆ తమ్ముడి రూమ్మేటే అయి ఉండొచ్చు.

ఇంకోటి, లైసెన్స్ లేకుండా "ఒక్క ట్రిప్పే కదా" అని వ్యాన్ తోలుతున్న ఇద్దరు తమ్ముళ్లు ఉన్నారని నా చెవిన పడింది. మీ పర్మిట్ ఏ పనికి ఉందో మీకు తెలుసు. యాక్సిడెంట్ అయితే టౌకే "నేను తోలమనలే" అంటడు. అప్పుడు మీకు సాక్ష్యం చెప్పేటోడు ఉండడు. దీని మీద వేరే రాస్తా.

నా సైట్‌లో నేను చేసింది చెప్తా, గొప్పకు కాదు, చెయ్యొచ్చు అని. వ్యాన్ ఆరుకు బదులు ఐదు నలభైకి కదులుతున్నది. ఆ ఇరవై నిమిషాలు పని టైములో రాయమని టౌకేను అడిగిన. పది నిమిషాలు ఒప్పుకున్నడు, మిగతా పది ఇంకా గుంజుతున్న. మొదటి వారం నిద్ర సాలలేదని అందరూ నన్ను తిట్టారు, కొందరు ఇంకా తిడుతున్నారు. వెనక టూల్ పెట్టెలు తీసేసి వేరే పికప్‌లో పంపుతున్నం, అందరికీ సీటు ఉంది, సగం సీట్లకే బెల్టులు ఉన్నాయి. మిగతా సగం బిగించడానికి వర్క్‌షాప్ వాడు చెప్పిన రేటు టౌకే టేబుల్ మీద ఉంది. స్లాబ్ రోజు మిక్సర్ డ్రైవర్‌కు నేను ఫోన్ చెయ్యను, ప్లాంట్‌కు చేస్తా, లారీ ఎప్పుడు వదిలారో వాళ్లు చెప్తారు. లెక్క నేనే వేసుకుంటా.

ముందు సీటు ఇప్పుడు వంతుల ప్రకారం. వేజ్ చూసే డ్యూటీ తీసేసిన. ఆ తమ్ముడు రెండు రోజులు నాతో మాట్లాడలే, మూడో రోజు వెనక సీట్లో నిద్రపోయిండు.

తిట్టాలనుకున్నోళ్లు, డ్రైవర్ అన్నలు ముఖ్యంగా, ఈ ఆదివారం సాయంత్రం ఐదింటికి లిటిల్ ఇండియాలో మనం ఎప్పుడూ కూర్చునే టీ కొట్టు కాడికి రండి. టౌకేలకు ఇచ్చే వ్యాన్ టైముల కాయితం అక్కడే రాద్దాం. మీ బండి ఏ ఏ సైట్లకు పోతదో, ఎన్నింటికి కదులుతదో ఒక ముక్క మీద రాసుకుని తెండి. టీ నా లెక్క.